ఆసరా ఎవరికి అందుతుంది, ఎందుకు ఆగుతుంది: నల్లగొండ, పాలమూరు పింఛన్ల లెక్క

మిర్యాలగూడ పక్కన ఒక ఊళ్లో వరుసగా మూడిళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిది రిటైరైన సర్కారు టీచర్‌ది. 2004 సెప్టెంబర్ 1కి ముందే నౌకరీలో చేరాడు కాబట్టి ఆయనకు పాత పెన్షన్ వస్తుంది. పూర్తి సర్వీసు ఉంటే ఆఖరి మూలవేతనంలో సగం, దాని మీద కరువు భత్యం. పక్కింటాయన సిమెంటు ఫ్యాక్టరీలో 18 ఏండ్లు చేసి 2014కు ముందే మానేశాడు. ఆయనది పీఎఫ్ పెన్షన్. ఆ రోజుల్లో లెక్కలోకి వచ్చే జీతానికి పరిమితి 6500 రూపాయలు. దాన్ని 18తో గుణించి 70తో భాగిస్తే 1671. ధరలు ఎంత పెరిగినా అది కదలదు. మూడో ఇంటి ముసలమ్మ బతుకంతా నాట్లు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆమెకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛన్ కింద నెలకు 2016 రూపాయలు.

ఫ్యాక్టరీలో జీతంలోంచి కోత కట్టినాయన కంటే ఏమీ కట్టని ముసలమ్మకు ఎక్కువ వస్తోందేమిటి అని ఆ వీధిలో ఎవరైనా అడగొచ్చు. అడుగుతారు కూడా. జవాబు ఏమిటంటే ఈ మూడూ మూడు వేర్వేరు ఏర్పాట్లు. టీచర్‌ది చేసిన కొలువుకు వాయిదా పడ్డ వేతనం లాంటిది. పెన్షన్ యజమాని దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1982లో నకారా కేసులో చెప్పింది ఇటువంటి పెన్షన్ గురించే. ఫ్యాక్టరీ ఆయనది చందా లెక్క. యజమాని వాటాలోంచి జీతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి పోతుంది, కట్టిన ఏండ్లను బట్టి తిరిగి వస్తుంది. ఆ పథకంలో కనీస పెన్షన్ 1000 రూపాయలని కేంద్రం 2014లో నిర్ణయించింది.

మూడోదానికి సర్వీసు రిజిస్టరూ లేదు, చందా పాసుబుక్కూ లేదు. ముసలితనంలో, రోగంలో, అంగవైకల్యంలో రాజ్యం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంది. కానీ అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకు పోయి పింఛన్ ఇప్పించుకోలేం. కాబట్టి ఆసరా నిలబడింది జీవోల మీద. ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ జీవోలోనే ఉంటాయి. జీవో మారితే అన్నీ మారతాయి.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో ఎక్కువ మంది ముసలివాళ్లు ఈ మూడో ఇంటివాళ్లే. ఇక్కడి పని వ్యవసాయ కూలి, వలస కూలి, మగ్గం, తాడిచెట్టు, గొర్రెల కాపరితనం. వీటిలో దేనికీ హాజరుపట్టీ ఉండదు. అందుకే వాళ్ల విషయంలో ప్రభుత్వం "ఎంత పని చేశావు" అని అడగదు, "ఏ ఖానాలో పడతావు" అని అడుగుతుంది. పింఛన్ చుట్టూ ఊళ్లలో నడిచే గొడవలన్నీ, మంజూరైనా, ఆగినా, పేరు కొట్టేసినా, చాలావరకు ఆ ఖానాల దగ్గరే మొదలవుతాయి.

75 రూపాయల నుంచి 2016 దాకా

కేంద్రం వృద్ధాప్య పింఛన్ మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. నెలకు 75 రూపాయలు, 65 ఏండ్లు దాటిన నిరుపేదలకు. 2006లో దాన్ని 200 చేశారు. 2007లో ఇందిరా గాంధీ పేరు పెట్టారు, 2011లో వయసు 60కి దించారు, 80 దాటినవాళ్లకు 500 అన్నారు. 60 నుంచి 79 మధ్య వాళ్లకు మాత్రం ఆ 200 అలాగే ఉండిపోయింది. ఈలోపు ధరలు దాదాపు మూడింతలయ్యాయి. కనీసం 500 చేయండని 2017 డిసెంబర్‌లో 60 మంది ఆర్థికవేత్తలు కేంద్ర ఆర్థిక మంత్రికి ఉత్తరం రాశారు. తర్వాతి ఏండ్లలో మళ్లీ రాశారు. కదలిక లేదు.

పెంచిన పని రాష్ట్రాలు చేశాయి. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వృద్ధులకు 200, వికలాంగులకు 500 ఉండేది. తెలంగాణ వచ్చాక 2014 నవంబర్ 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న కొత్తూరులో ఆసరా ప్రారంభమైంది. ఒక్కసారిగా 1000, వికలాంగులకు 1500. 2019 జూన్ నుంచి అవి 2016, 3016 అయ్యాయి. 2023లో వికలాంగులకు 4016 చేశారు. అదే ఏడాది చివరి ఎన్నికల్లో చేయూత పేరిట 4000, 6000 ఇస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చి గెలిచింది. 2024 పొడవునా పడినవి మాత్రం పాత మొత్తాలే.

2016 అంకె మారకపోయినా దాని విలువ మారుతుంది. 2019లో ఆ డబ్బుతో కొన్న సరుకులే 2024 చివర్లో కొనాలంటే 2600కు పైనే కావాలి. అంటే పెంచకుండా ఊరుకోవడం కూడా ఒక రకంగా తగ్గించడమే. టీచర్‌కు కరువు భత్యం ఉంది, ఆయనకు ఈ బాధ లేదు. ఆసరాను ధరలతో కట్టే ముడి ఏ జీవోలోనూ లేదు, ఎన్నికలతోనే ముడి. ఇది నాకు ఈ పథకంలో అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపిస్తుంది, మొత్తం ఎంత అన్నదానికంటే కూడా.

ఇంకో మాట. "సెంటర్ పైసలా, స్టేట్ పైసలా" అని చాయ్ హోటళ్ల దగ్గర జరిగే వాదన ఒకటుంది కదా. కేంద్రం జాబితాలో పేరున్న వృద్ధుడి 2016 రూపాయల్లో 200 (80 దాటితే 500) కేంద్రానివి, మిగతాది రాష్ట్రానిది. ఆ జాబితాలో లేనివాళ్లకు మొత్తం రాష్ట్రమే భరిస్తుంది. రాష్ట్రంలో పింఛన్‌దారులు 40 లక్షలకు పైమాటే, వాళ్లలో కేంద్రం వాటా అందేది కొద్దిమందికే.

ఖానాలు

వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, చేనేత కార్మికులు, గీత కార్మికులు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. తర్వాత బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, బోదకాలు బాధితులు, డయాలసిస్ రోగులు చేరారు. వృద్ధుల వయసు 65 నుంచి 57కు దిగింది, 2022 ఆగస్టు నుంచి ఆ వయసువాళ్లకు కొత్త పింఛన్లు వచ్చాయి. నేతకు, గీతకు 50 ఏండ్లు చాలు. ఆదాయం ఊళ్లో ఏడాదికి లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. భూమి తరి (నీటి పారకం) మూడెకరాలు, ఖుష్కి (మెట్ట) ఏడున్నర ఎకరాలు మించకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. సర్కారు పెన్షన్ ఉండకూడదు. వృద్ధాప్య పింఛన్ కుటుంబంలో ఒక్కరికే, అదీ వీలైతే ఆడవాళ్లకు.

ఈ చివరి నిబంధన చూడ్డానికి చిన్నదే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ 70 దాటి, కొడుకులు పుణెలోనో ముంబైలోనో ఉన్న ఇంట్లో 2016తో ఇద్దరు బతకాలి. ఆ ముసలాయనకు వికలాంగుడి సర్టిఫికెటో, గీత కార్మికుడి గుర్తింపో ఉంటే రెండో పింఛన్ రావచ్చు. మామూలు కూలి మనిషైతే రాదు. పక్కింట్లో రెండు పింఛన్లు, మా ఇంట్లో ఒకటేనా అని పంచాయతీ కార్యదర్శితో తగువు పడేది ఇక్కడే. కార్యదర్శి చేతిలో ఏమీ లేదు.

ఏడున్నర ఎకరాల ఖుష్కి అన్న గీత కూడా పాలమూరులో వింతగా పనిచేస్తుంది. మక్తల్, కోస్గి దిక్కు ఎర్ర చెల్కలు, రాళ్ల గుట్టలు కలిపి ఎనిమిదెకరాలున్నా కందులు తప్ప పండని ఇళ్లున్నాయి. కాల్వ కింద మూడెకరాలున్నాయన వాళ్లకంటే ఎంతో మేలు. కాగితం మీద మాత్రం కాల్వ కింది రైతు అర్హుడు, చెల్క రైతు అనర్హుడు.

చేనేత ఖానా ఇంకో తీరు. మగ్గం మీద కూర్చున్నవాళ్లను నేతగాళ్లుగా గుర్తించడం తేలిక, మగ్గాలకు జియో ట్యాగింగ్ కూడా చేశారు. కానీ చీర మగ్గం ఎక్కేలోపు కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చాలి. పోచంపల్లి దిక్కు ఇకత్ చీరకు ఆసు పోయాలంటే చేయి అటూఇటూ వేలసార్లు ఆడాలి. లక్ష్మీ ఆసు యంత్రం రాకముందు ఆడవాళ్ల భుజాలు ఆ పనికే అరిగిపోయాయి. ఆ యంత్రం చేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం లెక్కలో పేరు లేని ఆ ఆడవాళ్లకు మాత్రం 50 ఏండ్లకు నేత పింఛన్ ఇప్పించుకోవడం కష్టం. వాళ్లు 57 దాకా ఆగాలి.

నొప్పికి శాతం ఎంత?

నల్లగొండ మీద రాస్తూ ఫ్లోరైడ్ ఊసెత్తకుండా ఉండలేం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల్లో గ్రానైటు రాళ్లలోంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకల్లో చేరింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మిషన్ భగీరథ పైలాన్‌కు 2015లో చౌటుప్పల్‌లో శంకుస్థాపన చేయడానికి ఈ ప్రాంతపు చరిత్ర కూడా ఒక కారణం. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లల్లో కొత్తగా రావడం తగ్గుతుంది. కానీ ఎముకల్లో గట్టిపడ్డది కరగదు. 50, 60 ఏండ్ల వాళ్లు ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బుతోనే ముసలివాళ్లవుతున్నారు.

వీళ్లు ఏ ఖానాలో పడతారు? ఫ్లోరోసిస్ పేరిట పింఛన్ ఖానా లేదు. బోదకాలుకు ఉంది, దీనికి లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆ పట్టికలోనూ ఫ్లోరోసిస్ అన్న మాట లేదు. కాబట్టి వైకల్యం ఎంత శాతమో కొలిచే సదరం క్యాంపుకు పోయి, కాళ్లూచేతుల కదలికకు సంబంధించిన వైకల్యంగా డాక్టర్‌తో చూపించుకోవాలి. 40 శాతం వస్తే వికలాంగుల పింఛన్ వస్తుంది. వినికిడి లోపమైతే 51 శాతం ఉండాలి.

చిక్కు కొలతలో ఉంది. సదరంలో చూసేది కీలు ఎంతవరకు వంగుతోంది, మనిషి నడవగలడా, చేయి ఎత్తగలడా అని. వెన్నెముక కట్టెలా బిగిసి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సిన మనిషికి శాతం బాగానే వస్తుంది. అంతకు ముందు దశ వేరు. నడుము పట్టేయడం, మోకాళ్ల నొప్పి, కింద కూర్చుంటే లేవలేకపోవడం. వరి నాటు వేయలేరు, పత్తి సంచి మోయలేరు, అంటే కూలి పోయినట్టే. అయినా కొలతలో 30, 35 దగ్గర ఆగిపోవచ్చు. నొప్పికి స్కేలు లేదు. ఇక్కడ డాక్టర్‌ను తిట్టి లాభం లేదు, కొలత తయారైందే అలా. ఫ్లోరోసిస్‌కు విడిగా ఖానా కావాలన్న డిమాండ్ నల్లగొండలో ఎందుకు చల్లారదో ఇందుకే అర్థమవుతుంది.

శాతం తక్కువ వచ్చినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. జబ్బు ముదిరితే మళ్లీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒకసారి కాదన్నారంటే జీవితాంతం కాదన్నట్టు కాదు.

వేలు పడనప్పుడు

ఊళ్లలో ఆసరా చాలావరకు పోస్టాఫీసు ద్వారానే అందుతుంది. బ్రాంచి పోస్టుమాస్టర్ మెషిన్ తెస్తాడు, వేలు పెట్టాలి. బండలు కొట్టిన చేతులకు, సిమెంటు కలిపిన చేతులకు గీతలు ఉండవు. "వేలు పడ్తలేదు" అన్న మాట వినని పింఛన్‌దారు ఈ జిల్లాల్లో ఉండరేమో. కళ్లు చూపించాలి, అదీ పడకపోతే కార్యదర్శి వేలిముద్రతో ఇప్పించాలి. ఈమధ్య ముఖం ఫొటోతో గుర్తించే పద్ధతి కూడా వచ్చింది.

మెషిన్ వల్ల మేలా, కీడా అన్న ప్రశ్నకు పేరున్న పరిశోధన ఒకటి మన దగ్గరే జరిగింది. ఆధార్ ఇంకా అందరికీ రాకముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికి, పింఛన్లకు వేలిముద్రల స్మార్ట్ కార్డులు పెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో దాన్ని పరీక్షించారు. ఆ ఎనిమిదింటిలో నల్లగొండ ఒకటి. ఏ మండలాలకు కార్డులు ముందు రావాలి, ఏవాటికి తర్వాత అన్నది లాటరీ వేసినట్టు తేల్చారు. అందుకని రెండు రకాల మండలాలను పోల్చితే తేడా కార్డు వల్ల వచ్చిందా, మరో కారణం వల్లా అన్నది తెలుస్తుంది.

2016లో అచ్చైన ఫలితాలు ఇవీ. ఉపాధి కూలి త్వరగా చేతికొచ్చింది. మధ్యలో మింగేయడం గట్టిగా తగ్గింది. పింఛన్లలో అసలే తక్కువగా ఉన్న లీకేజీ దాదాపు సగానికి పడింది. లబ్ధిదారుల్లో అత్యధికులు పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు. అన్నిటికంటే ముఖ్యం, అర్హులు బయటికి పోలేదు.

ఎందుకు పోలేదో చూడకుండా "మెషిన్ మంచిది" అని ముగిస్తే తప్పు పాఠం నేర్చుకున్నట్టే. అప్పటి ఏర్పాటులో వేలు పడకపోయినా, కార్డు రాకపోయినా డబ్బు ఇవ్వడానికి దారి ఉంచారు. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో చూశారు. అక్కడ దొంగలెక్కలు తగ్గించే తొందరలో అసలైన లబ్ధిదారులు కూడా కొంతమంది రేషన్ పోగొట్టుకున్నారు. వేలిముద్ర రెండు చోట్లా వేలిముద్రే. పడనప్పుడు ఏం చేయాలో నిబంధనలో రాసి ఉందా లేదా అన్నదే తేడా.

కంప్యూటర్ పట్టిన తప్పు

తప్పులు రెండు రకాలు. అనర్హుడికి పింఛన్ రావడం ఒకటి, అర్హుడికి రాకపోవడం రెండోది. మొదటిది పేపర్లో "బోగస్ పింఛన్లు" అని పెద్ద అక్షరాల్లో వస్తుంది, లెక్కా ఉంటుంది. రెండోదానికి లెక్క ఉండదు, ఎందుకంటే రానివాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. వాహనాలు, భూములు, కరెంటు కనెక్షన్లు, ఉద్యోగాలు ఇలా వేర్వేరు శాఖల డేటాను కలిపి ఒక మనిషి పేరుకు ఏమేం ఉన్నాయో పట్టిస్తుంది. పేర్లు పోల్చడంలో తప్పు జరిగితే సంగతి వేరు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనను దాదాపు అదే పేరున్న కారు యజమానిగా పొరబడి ఆ ఇంటి రేషన్ కార్డు తీసేసిన సంగతి 2024లో బయటికొచ్చింది. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే దేవుడి పేరు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో లెక్కేసుకోండి. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. పింఛన్ అర్హతల్లోనూ అదే కారు, అదే భూమి ఉన్నాయి కాబట్టి చిక్కు ఇక్కడా అదే.

అందుకే పింఛన్ ఆగినప్పుడు మొదట తెలుసుకోవాల్సింది కారణం. మరణించినట్టు నమోదైందా? వరుసగా కొన్ని నెలలు తీసుకోనందుకు ఆగిందా? వాహనమో భూమో చూపిస్తోందా? ఎంపీడీవో ఆఫీసులో ఆన్‌లైన్‌లో అది కనిపిస్తుంది. కారణం తెలియకుండా పెట్టే కొత్త దరఖాస్తు పాత తప్పునే మళ్లీ మోసుకుపోతుంది. కారణం రాయించుకుని, దానికి జవాబుగా కాగితం జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇస్తే రసీదు ఉంటుంది.

కట్టి తీసుకుందామంటే

ఊరికే ఇచ్చేదెందుకు, వయసులో ఉన్నప్పుడు తలా కొంత కట్టుకుంటే పోలేదా అనే వాదన ఉంది. కట్టే పథకాలున్నాయి. 2015 నుంచి అటల్ పెన్షన్ యోజన, 2019 నుంచి అసంఘటిత కార్మికులకు శ్రమయోగి మాన్‌ధన్. రెండోదానిలో 40 ఏండ్ల మనిషి నెలకు 200 కడితే కేంద్రం ఇంకో 200 వేస్తుంది, 60 దాటాక నెలకు 3000. వినడానికి బాగుంది. కానీ ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగితే 20 ఏండ్ల తర్వాతి 3000 ఈనాటి 1130తో సమానం. ఆ డబ్బు కోసం 20 ఏండ్లు ఒక్క నెల తప్పకుండా ఖాతాలో 200 ఉంచాలి. వానాకాలం ఊళ్లో, ఎండాకాలం బెంగళూరులో ఉండే మనిషికి అది అయ్యే పని కాదు.

మన ఆడవాళ్లకు దీంట్లో అనుభవం కూడా ఉంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో అభయహస్తం వచ్చింది. పొదుపు సంఘం సభ్యురాలు రోజుకు రూపాయి, సర్కారు రూపాయి, 60 దాటాక కనీసం 500 పింఛన్. ఐదేండ్లకు ఆసరా 1000 వచ్చేసరికి కట్టి 500 తీసుకునేదానికి అర్థం లేకుండా పోయింది. చివరికి 2022లో కట్టిన డబ్బు వాపసు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. సంఘాల్లో మళ్లీ ఏదైనా పెన్షన్ చందా అంటే ఆడవాళ్లు మొహం తిప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

సరిహద్దు దాటితే

నారాయణపేట, దేవరకద్ర, అచ్చంపేట నుంచి, దేవరకొండ తండాల నుంచి మేస్త్రీ వెంట పోయినవాళ్ల సంగతే ఈ ఏర్పాటుకు అసలు అందదు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల పథకాల నీళ్లు వచ్చాక వలస తగ్గింది, ఆగలేదు. ముంబైలో కొడుకు దగ్గర ఉన్న ముసలమ్మ పింఛన్ కోసం ఊరికి రావాలి. బస్సు టికెట్టుకే సగం పోతుంది. కొన్ని నెలలు రాకపోతే పేరు ఆగుతుంది.

పనిలో చచ్చిపోయినవాళ్లది ఇంకో కథ. రైతు బీమా 5 లక్షలు పట్టాదారు పాసుబుక్కు ఉన్న 18 నుంచి 59 ఏండ్ల వాళ్లకే, కౌలుదారుకు రాదు, భూమి లేని కూలికి అసలే రాదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఉంది, కానీ ముంబైలో చనిపోతే ఎక్కడ నమోదయ్యాడన్నది ప్రశ్న. మిగిలేది రెండు. భార్యకు వితంతు పింఛన్, కేంద్రం ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం. 18 నుంచి 59 మధ్య వయసులో ఇల్లు గడిపే మనిషి పోతే నిరుపేద కుటుంబానికి ఒక్కసారి 20,000 రూపాయలు ఇస్తారు. ఇది చాలా ఊళ్లలో ఎవరికీ తెలియదు, తెలిసినా అడగరు. రెండింటికీ మరణ ధ్రువపత్రం కావాలి. చనిపోయిన చోటి మున్సిపాలిటీయే దాన్ని ఇస్తుంది, మహారాష్ట్రలో అయితే మరాఠీలో ఉండొచ్చు. శవాన్ని ఊరికి తెచ్చే తొందరలో దాన్ని తీసుకోకుండా వస్తే తర్వాత మళ్లీ అక్కడికి పోవాల్సి వస్తుంది. బయల్దేరే ముందు ఆసుపత్రి కాగితం, పోలీసు పంచనామా నకలు తీసుకుని, ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టే పనిని అక్కడే ఉండే తోటి కూలీకో మేస్త్రీకో అప్పజెప్పి రావాలి. దాని మీద పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే చూసుకుంటే, తహసీల్దార్ ఆఫీసులో ఆగే పని చాలావరకు ఆగదు.